ముందు పీకేది చీర గార్డునే

ఈసారి బైకు ఇంజన్ల గురించి రాస్తున్నాను. పచ్చళ్ళు, అత్తాకోడళ్ళు, పిల్లల పరీక్షల గురించి రాసుకునే ఈవిడకి ఇంజన్లతో పనేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. పనుంది. ఆ ఇంజన్లకి పెట్టే డబ్బు మన ఇళ్ళలోంచే పోతోంది. చాలా ఇళ్ళలో మన చేతుల్లోంచే పోతోంది.

సంగతి మీకు తెలిసిందే. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరగానే బండి కొంటాం. ఏడాది తిరక్కుండానే ఆ బండికి "పవర్ చాలట్లేదు" అంటాడు. ఇంజన్ పని చేయించాలంటాడు, సైలెన్సర్ మార్చాలంటాడు, ఫిల్టర్ మార్చాలంటాడు, రీమ్యాపింగ్ అని ఇంకోటేదో చెప్తాడు. ఎనిమిది వేలని మొదలవుతుంది, అయ్యేసరికి పదిహేనవుతుంది. ఈ డబ్బు నాన్నని అడగడు. నాన్న అయితే ఎందుకు, ఏమిటి, ఎక్కడ అని నాలుగు ప్రశ్నలేస్తాడు, లేదా తన కాలం బండి కథ మొదలుపెట్టి గంట తినేస్తాడు (ఆ కథ దగ్గరికి తర్వాత వస్తాను). అందుకని అమ్మనడుగుతాడు. అమ్మ చీటీ డబ్బుల్లోంచో, పండక్కి పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టినదాంట్లోంచో తీసిచ్చి, "జాగ్రత్త నాన్నా, మెల్లగా వెళ్ళు" అంటుంది. మెల్లగా వెళ్ళడానికైతే ఆ డబ్బెందుకమ్మా? కంపెనీవాడిచ్చిన బండి మెల్లగా వెళ్ళనంటోందా?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ డబ్బు ఇవ్వకండి. ఇవ్వనని చెప్పేటప్పుడు "నాకు భయం రా" అని ఊరుకోకుండా, ఎందుకివ్వట్లేదో వాడికి అర్థమయ్యే భాషలో చెప్పండి. "మనకేం తెలుసు ఇంజన్ల సంగతి" అని మనం అన్నంత కాలం వాళ్ళు మనల్ని ఏటీఎమ్ లాగానే చూస్తారు.

ఒకసారి కిందికి దిగి పార్కింగ్‌లో మీ అబ్బాయి బండి చూడండి. వెనక చక్రానికి ఎడమ పక్కన చీర గార్డు ఉందా? వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే కమ్మీ ఉందా? వెనక మడ్‌గార్డు పూర్తిగా ఉందా? పవర్ పెంచే సరదా మొదలైన బండికి ముందు పీకేసేవి ఇవే. అడిగితే, బరువు తగ్గితే అదే ఇంజన్‌తో బండి ఇంకా బాగా లాగుతుందంటారు. సూత్రం నిజమే. కానీ ఆ ఇనప చువ్వల బరువెంతని? వాడు నెల రోజులు రాత్రిపూట బిర్యానీ మానేస్తే తగ్గేంత. అది మానడు. మనం కాళ్ళు రెండూ ఒకవైపు వేసుకుని, కొంగు దోపుకుని, కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునే చోటుని మాత్రం విప్పి షెడ్డులో ఓ మూల పడేసి వస్తాడు.

చీర గార్డు కంపెనీవాడు దయతలచి ఇచ్చింది అనుకుంటారు చాలామంది. కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. వెనక కూర్చునేవాళ్ళకి చేత్తో పట్టుకునే పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి అని స్పష్టంగా ఉంది. చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో మన వీధుల్లో చూడనివాళ్ళు ఉండరు, నేను వర్ణించను. మనం కూర్చునే చోటుని బండి మీంచి పీకేసి, ఆ బండికి గుర్రాల బలం పెంచుకోవటానికి మన దగ్గరే డబ్బడుగుతున్నారు. దీనికి కోపం రాకపోతే ఇంక దేనికి రావాలి?

సరే, గుర్రాల బలం అన్నాను కదా, అదేమంత బ్రహ్మవిద్య కాదు. జేమ్స్ వాట్ అనే ఆయన 18వ శతాబ్దంలో తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవటానికి, ఇది ఇన్ని గుర్రాల పని చేస్తుందని కొనేవాళ్ళకి చెప్పేందుకు వాడిన కొలత. ఒక హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు. మీ మిక్సీ తిరగేసి చూడండి, చాలావాటి మీద 750 వాట్స్ అని ఉంటుంది. అంటే రోజూ పొద్దున్నే కొబ్బరి చట్నీకి మనమో గుర్రాన్ని తిప్పుతున్నట్టే. (మిక్సీ మీద రాసేది అది లాక్కునే కరెంటు లెక్క, బండికి చెప్పేది ఇంజన్ ఇచ్చే బలం లెక్క. అచ్చంగా ఒకటి కాదు గానీ పోలికకి చాలు.) మామూలు 150 సీసీ బండికి 14 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. పద్నాలుగు మిక్సీలు ఒక్కసారి వేసినట్టు! అది కాలేజీకి వెళ్ళి రావటానికి చాలట్లేదట.

గ్రైండరు సంగతి కూడా చెప్పనివ్వండి. టేబుల్ మీద పెట్టుకునే చిన్న గ్రైండరు మోటారు 150 వాట్లే ఉంటుంది, మిక్సీలో ఐదో వంతు. మినప్పప్పు దేంట్లో బాగా నలుగుతుంది? గారెల పిండికి మిక్సీ వేసిన రోజు పిండి వేడెక్కి, గారె గట్టిపడి, తిన్నవాళ్ళు ఏమన్నారో మనందరికీ గుర్తే. నెమ్మదిగా, గట్టిగా తిప్పే బలం వేరు, గిరగిరా తిప్పే బలం వేరు. ఆ తిప్పే బలాన్నే బండ్ల భాషలో టార్క్ అంటారు. ఎంత టార్క్, నిమిషానికి ఎన్ని చుట్లు, ఈ రెండూ గుణిస్తే వచ్చే లెక్కే హార్స్‌పవర్. పాత ఇంజన్‌ని అలాగే ఉంచి పవర్ పెంచటమంటే చాలాసార్లు అది ఇంకా గిరగిరా తిరిగినప్పుడు ఎక్కువ బలం ఇచ్చేలా మార్చటమే. దానికి బదులుగా కింద, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఉండే లాగుడు తగ్గిపోతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో, బెజవాడ బెంజి సర్కిల్ దగ్గరో మనకి కావలసింది ఆ కింద లాగుడే. గారెల పిండికి గ్రైండరు అమ్మేసి ఇంకా పెద్ద మిక్సీ కొన్నట్టు!

ఇంజన్ కూడా ఒక పొయ్యే. పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఎక్కువ బలం కావాలంటే ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు లోపల కాలాలి, లేదా ఉన్నదాన్నే ఇంకా గట్టిగా నొక్కి కాల్చాలి. ఇంతకు మించి మంత్రం లేదు. అందుకే సిలిండర్ బోర్ చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. గాలి వచ్చే దారి, పొగ పోయే దారి అరగదీసి సాపు చేస్తారు, దాన్ని పోర్టింగ్ అంటారు. హెడ్ అరగదీసి లోపలి జాగా తగ్గిస్తారు, అప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. కార్బురేటర్ బండైతే పెద్ద జెట్ వేస్తారు. కొత్త బండ్లలో పెట్రోలు ఎంత పడాలో చెప్పేది చిన్న కంప్యూటర్, దాని లెక్కలు మార్చటమే రీమ్యాపింగ్.

ఈ పని తెలిసినవాళ్ళున్నారు. వెంట్రుకవాసి తేడా చేత్తో తడిమి చెప్పగల మేస్త్రీలు మన ఊళ్ళలోనే ఉన్నారు, వాళ్ళ విద్యని నేను తక్కువ చెయ్యను. కానీ మన పిల్లాడు వెళ్ళే షెడ్డులో జరిగేది అదేనా? ఫిల్టరు మాత్రం తీసి గాలి ఎక్కువ పోయేలా చేస్తాడు, పెట్రోలు లెక్క సరిచెయ్యడు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే ఇంజన్ లోపల వేడి పెరిగిపోతుంది. ఒత్తిడి పెంచితే పెట్రోలు దాని టైముకి ముందే, తనంతట తను భగ్గుమంటుంది. లోపల టకటకమని సుత్తితో కొట్టినట్టు వినిపిస్తుంది, నాకింగ్ అంటారు. ముదిరితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. పప్పు తొందరగా ఉడకాలని కుక్కర్ వెయిట్ మీద రుబ్బురోలు పొత్రం పెడతామా మనం? అలా పెట్టిన కుక్కర్‌ని కాళ్ళ మధ్య పెట్టుకుని మీ వాడు కాలేజీకి వెళ్తున్నాడు. రెండేళ్ళకే "అమ్మా, ఇంజన్ బోరుకొచ్చింది" అని మళ్ళీ డబ్బుకి మన దగ్గరికే వస్తాడు.

ఇంక శబ్దం. అసలు మోసమంతా ఇక్కడే ఉంది. సైలెన్సర్ మార్చి, లోపల శబ్దం తగ్గించే ముక్క పీకేస్తే బండి పులిలా గాండ్రిస్తుంది, వాడికి పవర్ పెరిగినట్టే ఉంటుంది. వట్టి సైలెన్సర్ మారిస్తే పెరిగేది చాలాసార్లు ఒక్క హార్స్‌పవర్ కూడా ఉండదు. ఆ ఒక్క మిక్సీకోసం వీధిలో పసిపిల్లల్ని నిద్రపుచ్చుకున్న తల్లులందరూ మళ్ళీ ఉయ్యాల ఊపాలి. రాత్రి పదకొండింటికి ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచిన అత్తగారికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేది ఎవరో కూడా చెప్పాలా? పైగా చాలా బండ్లలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఆ సైలెన్సర్ గొట్టంలోనే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లే అమ్మాలని అంత హడావుడి చేసి, ఆ ఖర్చంతా బండి ధరలో మన చేత కట్టించుకున్నారు. మనం కట్టిన ఆ సొమ్ముని మనవాడే ఊడబెరికి పాత సామాన్లవాడికి వేస్తున్నాడు.

ఇంకో గారడీ ఉంది. చైను తిరిగే వెనక పళ్ళచక్రం, స్ప్రాకెట్, కొంచెం పెద్దది వేస్తారు. బండి సిగ్నల్ దగ్గర దూకుతుంది. "చూశావామ్మా, పికప్!" అంటాడు. పికప్ పెరిగింది, హార్స్‌పవర్ ఇసుమంత కూడా పెరగలేదు. అటు టాప్ స్పీడు తగ్గుతుంది. సైకిలు గేరు మార్చినట్టు అంతే.

కాబట్టి మీ అబ్బాయి పవర్ పెరిగిందన్నప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి. "ముందెంత ఉంది, ఇప్పుడెంత ఉంది, ఎక్కడ కొలిపించావు?" కొలిచే మెషిన్ ఉంటుంది, డైనో అంటారు. బండి వెనక చక్రాన్ని రోలర్ మీద తిప్పి కాగితం మీద గీత గీసి ఇస్తుంది. పని చేయించక ముందొకటి, చేయించాక ఒకటి, రెండు కాగితాలూ చూపించమనండి. గ్రాము బంగారం కొన్నా కాటా మీద పెట్టి చూపించమంటాం, కాటా సున్నా దగ్గర ఉందో లేదో కూడా చూస్తాం. పదిహేను వేలు పెట్టి గుర్రాలు కొంటూ, మేస్త్రీ నోటిమాట మీద తెచ్చేసుకోవటమేమిటి? ఆ కాగితం చూపించినవాడిని నేనింతవరకు చూడలేదు.

పోనీ నిజంగానే పెరిగిందనుకుందాం. ఏం ఒరిగింది? వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురు నెడుతుంది. ఆ గాలిని చీల్చటానికి కావలసిన పవర్ వేగంతో సమానంగా కాదు, వేగం ఘనంతో పెరుగుతుంది. చిన్నప్పుడు ఘనాలు, వర్గాలు ఎందుకు చదివామో ఇప్పుడు తెలుస్తోంది చూడండి. 14 హార్స్‌పవర్‌తో గంటకి 110 వెళ్ళే బండి 121 వెళ్ళాలంటే, అంటే పదో వంతు పెరగాలంటే, దాదాపు మూడో వంతు పవర్ ఎక్కువ కావాలి, పద్దెనిమిదిన్నర దాకా పోవాలి. ఫిల్టరు, సైలెన్సరు మార్చితే అంత రాదు. ఇంజన్ అంతా విప్పాలి. ఇంత చేసి సంపాదించింది గంటకి 11 కిలోమీటర్లు. అదీ 110 దాటాక. మన ఊళ్ళో 110 ఎక్కడ వెళ్తాడండీ వీడు? కుక్కలకి, గేదెలకి, స్పీడ్ బ్రేకర్లకి, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోలకి మధ్యలో?

ఆపటం సంగతి చూద్దాం. మంచి పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగుండి, ఎదురుగా ఏదో వచ్చిందని బుర్రకి తట్టి చెయ్యి బ్రేకు మీద పడటానికి ఒక్క సెకను పట్టిందనుకున్నా, 60లో వెళ్ళే బండి ఆగేసరికి సుమారు 40 మీటర్లు పోతుంది. 90లో అయితే 75 మీటర్లు దాటిపోతుంది. వేగం ఒకటిన్నర రెట్లు, ఆగే దూరం దాదాపు రెండు రెట్లు. కంపెనీ ఇంజనీర్లు ఆ 14 హార్స్‌పవర్‌ని చూసుకునే తగ్గ బ్రేకు, తగ్గ టైరు, తగ్గ షాక్ అబ్జార్బరు, తగ్గ చైను వేస్తారు. ఇంజన్‌కి పదిహేను వేలు పెట్టినవాడు బ్రేకుకి ఎంత పెట్టాడో అడగండి. సున్నా. టైరు మారుస్తాడేమో, అదీ సన్నగా ఉంటే బాగుంటుందనో, లావుగా ఉంటే బాగుంటుందనో. ఈ ఒక్కటీ చాలు నాకు, ఇది ఇంజన్ మీద ప్రేమ కాదని చెప్పటానికి. ఇంజన్ మీద ప్రేమున్నవాడు దాన్ని ఆపటం గురించి కూడా ఆలోచిస్తాడు.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. వాళ్ళందరూ బండి మార్పించుకున్నవాళ్ళని నేననను, అలా అంటే అబద్ధం. కంపెనీ ఇచ్చిన బండితోనే ఇంతమంది పోతుంటే ఇంకా పవర్ కావాలనడం ఏ బుద్ధి అని అడుగుతున్నాను.

చట్టం సంగతి మనకి బాగా దగ్గరగా తగులుతుంది. మీ అబ్బాయి బండి ఎవరి పేరు మీద ఉంది? కొన్నప్పుడు వాడికి పద్దెనిమిది నిండకో, నాన్న పేరు మీద అప్పటికే కారు లోనుండో, చాలా ఇళ్ళలో సీ బుక్ అమ్మ పేరు మీదే ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్, కంపెనీవాడు చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని యజమాని మార్చకూడదంటోంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182ఎ సెక్షన్‌ని మార్చి రాశారు. ఒప్పుకోని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. యజమాని అంటే నడిపేవాడు కాదు, సీ బుక్‌లో పేరున్న మనిషి. అంటే మీరు. పద్దెనిమిది నిండని పిల్లాడు నడిపి నేరం చేస్తే 199ఎ సెక్షన్ ఇంకా ఘోరం. సంరక్షకుడికో యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. రోడ్డు మీద ట్రాఫిక్ ఆయన చలాన్‌లో ఎంత రాస్తాడన్నది వేరే సంగతి, చట్టంలో రాసున్నది మాత్రం ఇదే. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డురోలర్ ఎక్కించిన ఫోటోలు మీరు పేపర్లో చూసే ఉంటారు. అవన్నీ అమ్మల డబ్బులే.

బీమా కంపెనీకి చెప్పకుండా ఇంజన్ మార్చిన బండికి క్లెయిమ్ పెట్టి చూడండి. సర్వేయరు వచ్చి ముందు చూసేది ఆ మార్పులనే. కంపెనీ వారంటీ అయితే ఇంజన్ విప్పిన రోజే పోతుంది.

ఇప్పుడు నాన్నల కథ. మన ఇళ్ళలో యాభై దాటిన మగవాళ్ళకి ఆర్‌ఎక్స్ 100 పేరెత్తితే కళ్ళు చెమరుస్తాయి. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన యమహా బండి అది. 98 సీసీకి 11 హార్స్‌పవర్, బరువు చూస్తే వంద కిలోల చిల్లర. టూ స్ట్రోక్ కాబట్టి ఇంజన్ తిరిగిన ప్రతి చుట్టుకీ ఓసారి మండుతుంది, ఫోర్ స్ట్రోక్ అయితే రెండు చుట్లకి ఒకసారి. అందుకే అంత చిన్న ఇంజన్ అంత దూకుడుగా ఉండేది. దానికీ సైలెన్సర్ కోయించి, పోర్టు అరగదీయించి, రేసులు పెట్టుకున్న కథలు బంధువుల పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక వింటూనే ఉంటాం. "మేం తిరగలేదా, మాకేమైంది" అంటారు. మీకేం కాలేదు సరే. మీ పక్కన తిరిగినవాళ్ళలో ఎవరెవరు లేరో కూడా ఆ కథలో చెప్పండి. ఆ కథలో ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే ఉన్నాయని చెప్పరు, అప్పటి రోడ్డు మీద ఇప్పటిలో పదో వంతు బండ్లు కూడా లేవని చెప్పరు. ఈ కథలు విన్న కొడుక్కి అది ధైర్యం కింద ఎక్కుతుంది. అందుకే వాళ్ళాయన ఏమీ అనట్లేదు కదా అని ఊరుకునే అమ్మలకి చెప్తున్నాను, ఆయన ఏమీ అనకపోవటానికి కారణం వివేకం కాదు, మురిపెం.

"తాగుడా, జూదమా, ఇంజన్ల పిచ్చే కదా, ఏదో నేర్చుకుంటాడు" అనేవాళ్ళున్నారు. ఈ మాటకి మాత్రం నేను గౌరవంగా జవాబు చెప్తాను, ఎందుకంటే ఇందులో నిజముంది. ఇంజన్ విప్పి బిగించటం తెలిసిన పిల్లాడు వట్టి డిగ్రీ ఉన్నవాడికంటే నయం. న్యూజిలాండ్‌లో బర్ట్ మన్రో అని ఒకాయన ఉండేవాడు. 1920 నాటి ఇండియన్ స్కౌట్ అనే అమెరికా బండి ఆయనది, కొన్నప్పుడు గంటకి 55 మైళ్ళు వెళ్ళేది. దశాబ్దాల పాటు తన షెడ్డులో కూర్చుని, పిస్టన్లు సొంతంగా పోత పోసుకుని, దాన్ని మార్చుకుంటూ పోయాడు. 1967లో, 68 ఏళ్ళ వయసులో, దాని మీద గంటకి 184 మైళ్ళ వేగంతో రికార్డు పెట్టాడు. ఆయన మీద 2005లో సినిమా కూడా వచ్చింది, మీ పిల్లలు చూసే ఉంటారు, మీతో వాదనలో వాడతారు కూడా. వాడితే అడగండి, ఆయన రికార్డు ఎక్కడ పెట్టాడని. అమెరికాలో బోన్నెవిల్ అనే ఉప్పు మైదానం మీద. మైళ్ళ తరబడి మనిషి లేడు, గేదె లేదు, బడి వదిలే టైము లేదు. ఆయన డబ్బు, ఆయన చేతులు, ఆయన ప్రాణం. మనవాడిది అమ్మ డబ్బు, మేస్త్రీ చేతులు, వీధిలో అందరి ప్రాణం.

నిజంగా అంత మోజుంటే దారులున్నాయి. పాత సామాన్ల షాపులో చచ్చిన ఇంజన్ ఒకటి కొనుక్కొచ్చి బాల్కనీలో విప్పుకోమనండి. పాత పేపర్లు పరుస్తాను, పానాల సెట్టు కొనిస్తాను, గ్రీజు మరకల చీరల గురించి కూడా నోరెత్తను అని చెప్పండి. వేగం కావాలంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి ట్రాక్ ఉంది. అక్కడ ఎదురు బండి రాదు, తోలు సూటు, మంచి హెల్మెట్ లేనిదే లోపలికి రానివ్వరు, అంబులెన్సు పక్కనే ఉంటుంది. ట్రాక్ మీదకి వెళ్ళి నేర్చుకుంటానంటే ఆ ఖర్చుకి చీటీ పాడినా తప్పులేదంటాను. ఇది విన్నాక ఎంతమంది పిల్లలు సరేనంటారో చూడండి. చాలామందికి కావలసింది ఇంజనూ కాదు, వేగమూ కాదు. కాలేజీ గేటు ముందు నలుగురు తల తిప్పి చూడటం. దానికి పదిహేను వేలెందుకు, తలకాయ శుభ్రంగా దువ్వుకుంటే చాలు.

ఇంతా రాసి ఆడపిల్లల సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. తమ్ముడి సైలెన్సర్‌కి పన్నెండు వేలు అడిగిన వెంటనే దొరుకుతాయి. అదే ఇంట్లో అక్క స్కూటీ టైరు అరిగి నున్నగా అయిపోయిందంటే, "వచ్చే నెల చూద్దాంలే, నువ్వెంత దూరం వెళ్తావు గనక" అంటారు. అరిగిన టైరు వానలో జారుతుంది, అందులో సరదా ఏమీ లేదు, అది ప్రాణం మీదికి వచ్చే అవసరం. అయినా ఆగేది అదే. ఆ పిల్ల వంద హార్స్‌పవర్ అడగలేదు, ఒక టైరు అడిగింది. ఒకే పర్సులోంచి పోయే డబ్బుల్లో ఏది ముందు, ఏది వెనక అని ఎవరు నిర్ణయిస్తున్నారు మన ఇళ్ళలో? మనమే కదా. ఇందులో అత్తగారిని గానీ, మొగుడిని గానీ అనడానికేం లేదు.

"నువ్వివ్వకపోతే ఫ్రెండ్స్ దగ్గర అప్పు చేస్తాడు" అని ఒకావిడ నాతో వాదించింది. చేస్తే చెయ్యనివ్వండి. అప్పు తీర్చాలంటే సంపాదించాలి, తన సంపాదన పెట్టేటప్పుడు వాడే ఆ డైనో కాగితం అడుగుతాడు. కానీ సీ బుక్ మీ పేరు మీద ఉంటే మాత్రం ముందే చెప్పండి, ఈ బండి నాది, నా బండి ఇంజన్ ఎవరూ ముట్టుకోవటానికి వీల్లేదు, ముట్టుకుంటే తాళాలు నా దగ్గరే ఉంటాయని. అరుస్తాడు, రెండ్రోజులు అన్నం మానేస్తాడు, బయట తినొస్తాడు, మూడో రోజు పెరుగన్నానికి వస్తాడు.

ఇక ఇప్పటికే పీకేసిన చీర గార్డు షెడ్డులోనే ఎక్కడో ఉంటుంది, లేకపోయినా స్పేర్ పార్ట్స్ షాపులో కొత్తది కొన్ని వందలకే వస్తుంది. బిగించటం పెద్ద పనేం కాదు, మేస్త్రీకి పది నిమిషాల పని. వెనక కమ్మీ కూడా వెయ్యమనండి. అది బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి, బోల్టులన్నీ వేశాడో లేదో లెక్కపెట్టుకోండి. తర్వాత ఆ బండి వెనకే కూర్చుని, చేతిలో సంచీతో, రైతుబజారుకి పదమనండి.